ఒక్క పంచాయతీ తప్ప

సోమవారం పొద్దున పదీ నలభైకి హేమలత ఫోను టింగుమంది. నల్లగుట్లపల్లె గ్రామ సచివాలయంలో ఆ టింగుకు ఉలిక్కిపడని వాళ్ళు లేరు. పంచాయతీ సెక్రటరీల వాట్సాప్ గ్రూపులోకి మండలాఫీసు నుంచి ఏదో దిగిందని దానర్థం. ఏది దిగినా అది నిన్నటికే కావాలి!

"అసెంబ్లీ ప్రశ్న. అత్యంత అత్యవసరం. సాయంత్రం నాలుగు లోపు ఎవరి వరుస వాళ్ళు నింపాలి" అని సూపరింటెండెంట్ పురుషోత్తం పెట్టిన మెసేజి. దాని కింద ఒక కాగితం ఫోటో. హేమలత దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చదివింది. శాసనసభలో ఎవరో సభ్యుడు మంత్రిగారిని మూడు ముక్కలు అడిగాడు. (ఎ) జిల్లా పడమటి మండలాల్లోని పంచాయతీలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి, దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయడం లేదన్న మాట వాస్తవమా? (బి) అయితే ఆ బకాయి ఎంత? (సి) ఆ కారణంగా పుస్తక కేంద్రాలు మూతపడుతున్నాయా, అందుకు తీసుకుంటున్న చర్యలేమిటి?

ఆమె పూర్తిగా చదివేలోపే గ్రూపులో జవాబులు రాలడం మొదలైంది. "నిల్ సార్." "నిల్ సార్." "నిల్ సార్," పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. ఏ ప్రశ్న వచ్చినా మొదట నిల్ కొట్టి, తర్వాత అదేం ప్రశ్నో చదివే అలవాటు వాళ్ళది. తప్పు పట్టడానికి లేదు. ఒక్కొక్కరికీ రోజుకు ఇరవై రిపోర్టులు. నింపితే దానికింద మరో పది పుడతాయి, నిల్ అంటే అక్కడితో సరి. హేమలత కూడా నాలుగేళ్ళుగా అలా ఎన్ని కొట్టిందో ఆమెకే తెలియదు. ఇప్పుడూ బొటనవేలు ఆ అక్షరాల మీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే ఎల్లప్ప లోపలికి వచ్చాడు. ఆ ఊరి పుస్తక కేంద్రం ఆయన చేతుల్లో ఉంది. ఒక గది, మూడు బీరువాలు, రెండు పొడుగు బల్లలు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంచడానికి ఆయనకు నెలనెలా కాస్త గౌరవ వేతనం వస్తుంది, అది కూడా ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. ఆయన ఎప్పుడూ గడప దగ్గరే నిలబడి మాట్లాడే మనిషి. ఈరోజు నేరుగా వచ్చి బల్ల మీద ఒక కాగితం పరిచాడు.

"సూడమ్మా. మూసేయమని రాసినారు."

జిల్లా గ్రంథాలయ సంస్థ ఉత్తర్వు అది. పంచాయతీ నుంచి ఏళ్ళ తరబడి సెస్సు రానందున ఈ నెలాఖరుకు కేంద్రం మూసివేయాలని, పుస్తకాలన్నీ పెట్టెల్లో కట్టి పుంగనూరు గ్రంథాలయానికి పంపాలని ఉంది అందులో. ఎల్లప్ప వేళ్ళు ఆ కాగితం అంచును ఊరికే సాపు చేస్తున్నాయి.

"వెయ్యిన్ని నూటా నలభై పుస్తకాలుండాయి. అవి యాడ పెట్టినా పుస్తకాలే లే. కానీ పదారు మంది ఆడ కూచోని పరీక్షలకు చదవతాండారే, వాళ్ళను ఏ పెట్టిలో కట్టల్ల? రమణ కూతురు పొద్దన్నే పాలు పోసి నేరుగా ఆడికే వస్తాది. ఇంట్లో ఇంగో మనిషి కూచునేదానికి చోటే లేదు." ఆయన గొంతు పెరిగింది. ఆ మనిషి గొంతు పెరగడం హేమలత ఎప్పుడూ వినలేదు. "మేము పన్ను కడతాండాం గదమ్మా. రసీదులో రాసుండాది గదా, గ్రంథాలయం అని. ఆ దుడ్లు యాడికి పోతాండాయి?"

ఆమె చేతిలో ఫోను మళ్ళీ టింగుమంది. ఇంకో నిల్. హేమలతకు ఒళ్ళు ఝల్లుమంది. అదే ప్రశ్న! అక్కడ శాసనసభలో ఎవరో అడిగినదీ, ఇక్కడ ఎల్లప్ప అడుగుతున్నదీ ఒకటే ప్రశ్న. జవాబు రాయాల్సింది తనే.

"కూర్చో మామా," అంది. "ఆ బీరువా తాళాలు నా బ్యాగులో ఉన్నాయి. ఇంటిపన్ను రిజిస్టర్లు దించుదాం పట్టు."

రిజిస్టర్లు దిగాయి. దుమ్ము కూడా దిగింది. నాలుగు వందల పన్నెండు ఇళ్ళు, తొమ్మిదేళ్ళు. పన్ను రూపాయికి సెస్సు ఎనిమిది పైసలు. చిన్న మొత్తాలే, నలభై ఒకటి, ముప్పై ఆరు, యాభై మూడు. ఎల్లప్ప అద్దాలు ముక్కు మీదికి దించుకుని చదువుతున్నాడు, హేమలత కాలిక్యులేటర్ నొక్కుతోంది. మధ్యాహ్నం క్యారియర్ విప్పలేదు. వచ్చినవాళ్ళంతా గడప దగ్గర ఆగి తొంగి చూసి, ఏం కథ అని అడిగి, విని, తమ ఇంటి నంబరు దగ్గర ఎంత రాసుందో చూడమని ఎగబడ్డారు. "నాది ఇచ్చినాను, నాది ఇచ్చినాను" అని ప్రతివాళ్ళూ సాక్ష్యం చెప్పేవాళ్ళే. నవ్వులు, గోల. ఆఫీసులో అలాంటి సందడి హేమలత ఉద్యోగంలో చేరాక చూడలేదు.

మూడున్నరకు మొత్తం తేలింది. లక్షా నలభై ఎనిమిది వేల మూడు వందల పదహారు.

అప్పుడు వచ్చాడు సర్పంచి గంగులప్ప, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ. సంగతి విన్నాడు. మొహం మాడ్చుకున్నాడు.

"ఆ దుడ్లు నేనేమన్నా మింగినానామ్మా? పోయిన మే నెల్లో బోరు మోటరు కాలిపోలేదా? మోటరుకు తీగ చుట్టించింది యాడ్నించి? నాకు ముందు సర్పంచిగా ఉన్నాయప్ప వీధిలైట్లు ఏపించింది యాడ్నించి? ఊరు గొంతెండి అరస్తాంటే పుస్తకం తెరిచి తాగమంటావా?"

హేమలత ఓచర్ల ఫైలు తెరిచింది. ఉంది. మే పద్ధెనిమిది. మోటారు మరమ్మతు, పద్నాలుగు వేల రెండు వందలు. కింద సంతకం చూసి ఆగిపోయింది. అది తన సంతకమే. ఆ రోజు బిందెలతో ఆడవాళ్ళు ఆఫీసు ముందు కూర్చుంటే, ఖాతాలో ఏ డబ్బుంటే అది తీసి ఇచ్చేసింది. అది ఏ డబ్బో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. నిల్ అని రాస్తే ఆ కాగితం ఎవరికీ అక్కర్లేదు. ఉన్నది రాస్తే మొదట పట్టుబడేది తనే.

"గమ్మున నిల్ కొట్టేయమ్మా," అన్నాడు గంగులప్ప కాస్త మెత్తబడి. "నీ మంచికే చెప్తాండా. అందురూ కొట్టినారు గదా."

ఎల్లప్ప ఆమె వైపు చూడకుండా రిజిస్టర్లను సంవత్సరాల వారీగా ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. ఆ చూడకపోవడమే హేమలతకు కష్టమనిపించింది. మూడు యాభై రెండుకు ఆమె కంప్యూటర్ ముందుకు జరిగింది. మండలంలోని పంచాయతీలన్నీ వరసగా కనిపిస్తున్న పట్టికలో అన్నిచోట్లా నిల్, నిల్, నిల్. తన వరుసలో (ఎ) కింద "అవునండి" అని కొట్టింది. (బి) కింద అంకె వేసింది. (సి) కింద "అవునండి. ఈ గ్రామ కేంద్రాన్ని నెలాఖరుకు మూసివేయాలని ఉత్తర్వు వచ్చింది" అని రాసింది. భయం ఉంది, కాదనలేం. కానీ భయం ఒక్కటే అయితే అంత హుషారుగా ఉండదు.

నాలుగూ అయిదుకు పురుషోత్తం ఫోను.

"ఏం హేమలతా, నీ వరుసలో ఏందో వచ్చిండాది?"

"నేనే నింపినాను సార్."

"తీసేయ్. అసెంబ్లీకి ఎప్పుడూ లేదండి అనే పోతాది. (ఎ) లేదండి. (బి), (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆరేండ్ల కింద ఇదే ప్రశ్న వస్తే ఇదే రాసి పంపినాం, ఆ ఫైలు నా టేబుల్ మిందనే ఉండాది. అవునండి అని రాసినామనుకో, పైనుంచి కొర్రీల మింద కొర్రీలు. నీకెందుకు, నాకెందుకు?"

"దుడ్లు వసూలైనాయి సార్. కట్టలేదు. లేదండి అని ఎట్ల రాయాల?"

"ఎట్ల రాయాల్నా? అందురూ రాసినట్ల!"

"సంతకం నాది గదా సార్."

పురుషోత్తం చెడ్డవాడు కాదు, రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలున్న మనిషి. "నీ కర్మ. నా సంతకంతో మాత్రం అది పోదు. అంత పట్టుదలుంటే నువ్వే రేపు మదనపల్లెకు పోయి పైఆఫీసులో ఇచ్చేసి రా. ఏం ఆధారమని అడిగితే సూపిస్తువు," అని పెట్టేశాడు. వెళ్ళదనే ఆయన ధీమా.

ఇంటికి వెళ్ళాక తల్లి రాజమ్మతో చెప్పింది. రాజమ్మ సంగటి ముద్ద గిన్నెలో వేస్తూ ఆగింది.

"ఉద్యోగం పోతాదా పాపా?"

"పోదు మా. మెమో ఇస్తారు."

"మెమో అంటే?"

"తిట్టి, కాగితం మీద రాసిస్తారు. మనం జవాబు రాయాల."

రాజమ్మ తేలిగ్గా ఊపిరి వదిలింది. "అంతేనా! టమోటా తోటలో మేస్త్రీ దినామూ తిట్టినాడు నన్ను. జవాబు చెప్పేదానికి కూడా లేదు. తిను, సల్లారిపోతాది."

మంగళవారం తెల్లారి మొదటి బస్సుకే హేమలత బయల్దేరింది. ఒళ్ళో రెండు రిజిస్టర్లు, సంచిలో రసీదు పుస్తకాలు, మే నెల ఓచరు. పుంగనూరులో దిగి మదనపల్లె బస్సు పట్టుకునేసరికి ఎండ చురుక్కుమంటోంది. టమోటా ట్రేలు నిండిన టెంపోలు బస్సును దాటుకుంటూ పోతున్నాయి. కండక్టరు ఆ రిజిస్టర్లను చూసి "లగేజీ టికెట్ కొట్టాల్నా మేడం?" అని వేళాకోళమాడాడు. కొట్టమంది ఆమె. ఆ పూట ఆమెకు అంత ధైర్యంగా ఉంది.

పైఆఫీసులో అధికారి పేరు మాధవి. సెక్షన్‌లో అందరూ పట్టికలు కూడుతున్నారు, ప్రింటర్లు గరగరమంటున్నాయి, అసెంబ్లీ అన్న మాట వినిపిస్తే ప్యూను కూడా పరుగెత్తుతున్నాడు. హేమలత వంతు వచ్చేసరికి పదకొండున్నర. మాధవి ఆమె కాగితం చదివి, మళ్ళీ చదివి, తల ఎత్తింది.

"అన్ని మండలాల నుంచీ నిల్. నువ్వొక్కదానివే ఇది తెచ్చినావు. నిజమేనా?"

"రసీదు పుస్తకాలు తెచ్చినాను మేడం."

మాధవి నిజంగానే రసీదులు తిప్పింది. అక్కడక్కడా నాలుగు నంబర్లు పట్టుకుని రిజిస్టరులో సరిచూసింది. ఓచరు దగ్గర ఆగింది.

"ఇందులో నీ సంతకం కూడా ఉండాదే."

"అవును మేడం. మోటరు కాలిపోయింది. నీళ్ళు లేవు. అప్పుడు అదే తోచింది."

"ఇది తేకుండా ఉండొచ్చు గదా."

"అది లేకుంటే లెక్క కుదరదు మేడం."

మాధవి పెన్ను మూత తీసింది. ఒక క్షణం ఆలోచించింది. తర్వాత పచ్చ సిరాతో సంతకం చేసి, తన చేత్తోనే ఆ కాగితాన్ని పట్టికకు జత చేసింది. "శుక్రవారం ప్రశ్నోత్తరాల్లో నాలుగో ప్రశ్న. టైము మిగిలితేనే వస్తాది. పోయి రా," అంది.

శుక్రవారం ఎనిమిదిన్నరకే పుస్తక కేంద్రంలో కాలు పెట్టడానికి చోటు లేదు. పరీక్షలకు చదివే పదహారు మందీ పుస్తకాలు మూసి ముందు వరసలో కూర్చున్నారు. రమణ కూతురు పాల క్యాను పక్కనే పెట్టుకుంది. ఎల్లప్ప తన ఫోనులో అసెంబ్లీ ప్రసారం పెట్టి, దాన్ని దినపత్రికల కట్టకు ఆనించి బల్ల మీద నిలబెట్టాడు. గంగులప్ప వచ్చి, ఇదంతా తన ఏర్పాటే అన్నట్టు మొదటి కుర్చీలో కూర్చున్నాడు. హేమలత తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోవడం ఆమెవల్ల కాలేదు.

మొదటి ప్రశ్న రోడ్ల గుంతల మీద. ముగిస్తేనా! ఒకరు లేస్తారు, ఇంకొకరు లేస్తారు, "అధ్యక్షా, అధ్యక్షా" అని. ఇరవై ఎనిమిది నిమిషాలు. "ఆ గుంతల్లో వాళ్ళనే పూడ్చల్ల," అని గంగులప్ప పళ్ళు నూరాడు. రెండోది పన్నెండు నిమిషాలు. మూడోది అడిగిన సభ్యుడు రాలేదు. గదిలో చప్పట్లు! ఒక శాసనసభ్యుడు సభకు రానందుకు అంత సంబరపడిన ఊరు ఇంకోటి ఉండదు. అప్పటికి తొమ్మిదీ నలభై మూడు.

"ప్రశ్న సంఖ్య నాలుగు," అన్నారు అధ్యక్షులు.

మంత్రిగారు లేచారు. అద్దాలు పెట్టుకున్నారు. "అధ్యక్షా. (ఎ) ఒక్క పంచాయతీ తప్ప, లేదండి. (బి) నల్లగుట్లపల్లె పంచాయతీలో లక్షా నలభై ఎనిమిది వేల మూడు వందల పదహారు రూపాయలు..."

ఊరి పేరు వినగానే గది ఎగిరిపడింది. ఈలలు, కేకలు. రమణ కూతురు లేచి గంతులేస్తే క్యాను మూత ఊడి దొర్లింది. "మన ఊరబ్బా! అసెంబ్లీలో మన ఊరు!" గంగులప్ప తువ్వాల తీసి గాల్లో తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. మొహం మారింది.

"ఉండండప్పా, ఉండండి. ఒక్క పంచాయతీ తప్ప అన్నాడు గదా. అంటే... అందురూ సరిగ్గా కట్టినారు, మనమొక్కరే ఎగ్గొట్టినామనా?"

గది చల్లబడింది. అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. అంత దూరం హేమలత ఆలోచించలేదు. నిజం చెబితే నిజం బయటపడుతుందనుకుంది. మూడు వందల పంచాయతీలు తెల్లగా మెరుస్తుంటే మధ్యలో తన ఊరొక్కటే మరకలా కనిపిస్తుందనుకోలేదు. మొహం మంటెత్తిపోయింది.

అవతల ప్రశ్న అడిగిన సభ్యుడు లేచాడు. "అధ్యక్షా, ఆ ఒక్క పంచాయతీని ఏం చేయబోతున్నారు? అక్కడ పుస్తక కేంద్రం మూతపడుతోందని మంత్రిగారి జవాబులోనే ఉంది."

మంత్రిగారు పక్కనున్నవాళ్ళు అందించిన చీటీ చూసుకున్నారు. "అధ్యక్షా, బాధ్యులపై చర్యలు తీసుకుంటాం. ఉన్నది ఒక్కటే కాబట్టి, ఆ బకాయిని పదిహేను రోజుల్లో కట్టిస్తాం. ఆ కేంద్రాన్ని మూయం. సభాముఖంగా హామీ ఇస్తున్నాను."

ఈసారి ఎవరూ కేకలు వేయలేదు. విన్నది నిజమేనా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎల్లప్ప మాత్రం లేచి, గోడకు ఆనించి మడతలు పెట్టి ఉంచిన అట్టపెట్టెల్ని ఒక్కొక్కటే తీసుకెళ్ళి బయట పడేసి వచ్చాడు. వచ్చి, ఆమె ముందు నిలబడి చేతులు జోడించబోతే హేమలత ఆ చేతులు పట్టుకుంది. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి, ఆమెవీ అంతే.

"ఎగ్గొట్టినోళ్ళమని పేరొచ్చినా పర్వాలేదు లే," అన్నాడు గంగులప్ప తువ్వాల భుజాన వేసుకుంటూ. "పేరైతే వచ్చింది."

మెమో మధ్యాహ్నం పన్నెండున్నరకే వచ్చింది. ప్రభుత్వంలో అంత వేగంగా పని జరగడం హేమలత చూడటం అదే మొదలు. గ్రంథాలయ సెస్సు నిధులను ఇతర పనులకు మళ్ళించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. వెనకే పురుషోత్తం ఫోను చేశాడు. తిడతాడనుకుంది. "చెప్తే విన్లేదు నువ్వు," అని ఒక్క మాట అని, గొంతు సవరించుకుని, "జవాబు రాసేటప్పుడు మోటరు సంగతి, నీళ్ళ సంగతి ముందు రాయి. తేదీలతో రాయి," అని పెట్టేశాడు.

రెండు గంటలకు ఇంకో ఫోను. కుప్పం అవతల ఒక చిన్న పంచాయతీలో సెక్రటరీగా ఉన్న ఉషా. ఇద్దరూ ఒకేసారి ఉద్యోగంలో చేరి, శిక్షణలో ఒకే గదిలో ఉన్నారు. ఉషా ఎప్పుడు ఫోను చేసినా మొదట నవ్వుతుంది. ఈరోజు నవ్వలేదు.

"అక్కా, చూసినాను టీవీలో."

"చూసినావా? మేమొక్కరమే దొంగలం," అని హేమలత నవ్వబోయింది.

"మా ఊర్లో పోయిన నెలే తాళం వేసేసినారక్కా. ఈపొద్దు మీ సంగతి వినినాక మా వాళ్ళంతా ఆఫీసు మిందికి వచ్చినారు, మాకూ తెరిపించమని. నేను పైకి ఫోన్ చేసి అడిగినాను. వాళ్ళేమన్నారో తెలుసునా? మీరు నిల్ అని రాసిచ్చినారు గదమ్మా, మీకు బకాయీ లేదు, మూతపడిన కేంద్రమూ లేదు, ఇంగ తెరిచేదేముండాది అన్నారు. నేను చదవకుండా కొట్టేసినానక్కా. బస్సులో ఉండాను అప్పుడు."

హేమలత బల్ల మీద మెమో వైపు చూసింది. తన ఊరికి మెమో వచ్చింది, తాళం రాలేదు. ఉషా ఊరికి మెమో రాలేదు, తాళం పడింది. తను నాలుగేళ్ళుగా కొట్టిన నిల్‌లు ఎన్ని? అవతల ఎవరు వచ్చి ఏ తలుపు ముందు నిలబడ్డారో తనకెప్పుడైనా తెలిసిందా?

"తిరగ రాసి పంపొచ్చునా అక్కా? ముందు పంపింది తప్పు అని?"

"పంపొచ్చు. కానీ మెమో వస్తాది ఉషా. నాకు వచ్చేసింది. నీకు రెండొస్తాయి, తప్పుడు లెక్క ఇచ్చినందుకు ఒకటి, దుడ్లకు ఒకటి."

"రెండూ పంపమను. నువ్వు ఎట్ల రాసినావో అది చెప్పు. వాళ్ళు ఇంగా బయటే నిలబడుండారు."

వెనక నిజంగానే మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. తెలుగూ తమిళమూ కలిసిన ఆడవాళ్ళ గొంతులు, అన్నీ ఒకేసారి. హేమలత కుర్చీ ముందుకు లాక్కుంది. మెమోను సొరుగులో పెట్టి, తెల్ల కాగితం తీసుకుని, కాలిక్యులేటర్ దగ్గరికి జరుపుకుంది.

"ఇంటిపన్ను రిజిస్టరు తెరువు. మొదటి నంబరు నుంచి చదువు. నేను కూడతాను, ఇద్దరం చేస్తే సాయంత్రానికి అయిపోతాది."

"ఒకటి బై ఒకటి. మునెమ్మ. గ్రంథాలయ సెస్సు ముప్పై రెండు రూపాయలు. కట్టింది."

"ఊఁ. తర్వాత?"

"ఒకటి బై రెండు. వెంకటేశులు. నలభై నాలుగు." ఉషా ఆగింది. అవతల ఎవరో కిటికీలోంచి గట్టిగా అరిచారు. "కట్టినానమ్మా, కట్టినాను, రాసుకో!"

రాసుకుంది హేమలత.